పోకరాటలో తొలిపాఠం

పోకరు నేర్చుకొనదలచినవారు మొదట గ్రహించవలసినది ఏ కూర్పు దేనిని గెలుస్తుందన్నది. ఎంత అరుదైతే అంత విలువ. 52 పేకముక్కల నుండి అయిదింటిని 25,98,960 విధాలుగా తీయవచ్చు. వానిలో కేవలం వరుసగా వచ్చేవి 10,200; ఇస్పేటుగానో ఆఠీనుగానో కేవలం ఒకే జాతిగా పడేవి 5,108. కనుక రెండవదే పైచేయి. ఇక సగానికి పైగా కూర్పులలో జత సైతం కుదరదు.

అయినను పందెం పెంచవచ్చును! మంచి ముక్కలు పడినప్పుడే పెంచేవానిని ఎదుటివారు పసిగట్టి తప్పుకొంటారు. అందుచేత అప్పుడప్పుడు వట్టి ముక్కలతో బెదిరించడం మంచి ఆటలో భాగమేనని గణితజ్ఞుడు ఫాన్ నాయిమన్, ఆర్థికవేత్త మోర్గెన్‌స్టెర్న్ 1944 నాటి తమ గ్రంథంలో లెక్కగట్టి చూపారు. చింతపిక్కలు పందెంగా పెట్టి ఆడితే లెక్క వస్తుంది గాని ఈ విద్య రాదు. పోయేది చింతపిక్కే అయినప్పుడు బెదిరేవాడెవడు?