కంచే చేను మేస్తే

గోదావరిఖని బొగ్గుబావిలో పనిచేసే మా మరిది సెలవు పెట్టి జ్యోతినగర్‌లోని మా యింటికి వచ్చాడు. అంతకు పది రోజుల ముందు విరేచనాలు పట్టుకుని తగ్గాయి. ఒకనాడు తెల్లవారి మంచం దిగబోయి కూలబడ్డాడు.

"వదినా, కాళ్లు నావి కానట్టున్నయి" అన్నాడు.

"నీరసం బిడ్డా, పండుకుంటే పోతది" అన్నారు మా అత్తగారు. నేనూ అవునన్నాను. ఆ మాట తలచుకుంటే ఇప్పటికీ నా మనసు చివుక్కుమంటుంది. సాయంత్రానికి చేతిలో గ్లాసు నిలవలేదు! రాత్రికి రాత్రే హైదరాబాదు బయలుదేరాం. రెండువందల కిలోమీటర్ల పైచిలుకు దూరం.

నరాల డాక్టరు చిన్న సుత్తితో మోకాలి మీద తట్టారు. కాలు ఎగరలేదు. "గిలాన్ బారె జబ్బు" అన్నారు. పత్రికల్లో జీబీఎస్ అని వచ్చేది ఇదే. 1916లో గిలాన్, బారె, స్ట్రోల్ అనే ఫ్రెంచి వైద్యులు ఇద్దరు సైనికులలో దీన్ని గుర్తించారు. వెన్నులోంచి తీసిన నీటిలో ప్రోటీను పెరుగుతుంది. కణాలు మాత్రం పెరగవు. అదొక ఆనవాలు.

ఇంతకూ జరిగేదేమిటి? కంచే చేను మేయడం! ఉడకని కోడిమాంసం, కలుషితమైన నీళ్ల ద్వారా కాంపిలోబాక్టర్ అనే క్రిమి కడుపులో చేరుతుంది. దాని ఒంటిపై ఉండే చక్కెర పదార్థం, మన నరాలపై ఉండే జీఎం1 అనే పదార్థం అచ్చు ఒకేలా ఉంటాయి. దొంగ తొడుక్కున్న చొక్కా వంటిదే ఇంటివాడూ తొడుక్కుంటే కాపలావాడేం చేస్తాడు? క్రిమిని చంపడానికి పుట్టిన యాంటీబాడీలు నరాన్నీ కొడతాయి. 2025 జనవరిలో పూణేలో ఎందరో ఈ జబ్బున పడ్డప్పుడు కొందరిలో ఈ క్రిమే కనిపించింది. అయితే జీబీఎస్ మనిషి నుంచి మనిషికి అంటుకునేది కాదు.

ఆ యాంటీబాడీలను రక్తపరీక్షలో పట్టవచ్చు. జీఎం1, జీడీ1ఎ మీద ఉంటే కాళ్లూ చేతులూ పడిపోయే రకం. జీక్యూ1బి మీద ఉంటే కనుగుడ్లు కదలక, నడక తూలే రకం.

"అయితే రిపోర్టు వచ్చాకే మందు మొదలుపెడతారా?" అని అడిగాను.

"రిపోర్టు సాక్షి మాత్రమేనమ్మా. ఇల్లు తగలబడుతుంటే సాక్షి కోసం ఆగుతామా?" అన్నారు డాక్టరుగారు.

కరెంటు తయారయ్యే ఊరిదాన్ని కనుక ఆయన చెప్పిన తక్కిన సంగతి సులువుగా బోధపడింది. తీగ దెబ్బతింటే ఈ సాక్షులు తరచుగా దొరుకుతాయి. తీగ మీది తొడుగు దెబ్బతింటే చాలాసార్లు దొరకవు. కనుక "లేదు" అని వచ్చినంత మాత్రాన జబ్బు లేదని కాదు.

అదే రోజు ఇమ్యునోగ్లోబులిన్ సెలైనులాగా ఎక్కించడం మొదలుపెట్టారు. అయిదు రోజులు. దీనికి బదులు రక్తంలోని ప్లాస్మాను మార్చే పద్ధతీ ఉంది. ఏదైనా నీరసం మొదలైన రెండు వారాల్లోపు అయితే మేలు. నలుగురైదుగురిలో ఒకరికి ఊపిరి యంత్రం కావలసి వస్తుంది. అందుకే ఆ రాత్రులు మాకెవరికీ నిద్ర లేదు.

మందు పూర్తయిన తర్వాత వచ్చింది రిపోర్టు: యాంటీబాడీలు లేవు! అప్పటికే మా మరిది కాలివేళ్లు కదిలిస్తున్నాడు. ఆరు నెలలకు కర్ర లేకుండా మా గుమ్మం ఎక్కాడు.

విరేచనాలో జ్వరమో తగ్గాక పాదాల్లో తిమ్మిరి, నీరసం మొదలై పైకి పాకుతుంటే, "పండుకుంటే పోతది" అనకండి. ఆ పూటే పెద్దాసుపత్రికి బయలుదేరండి.