గార రాల్చే మిషన్ కథ

తెల్లవారి లేచి మొహం కడుక్కోకుండా మంచినీళ్ళ చెంబు అందుకుంటే మా అవ్వ కేకేసేది: "పాచినోటితో తాగబాక అబ్బయ్యా!" ఆకూ వక్కా సున్నమూ నమిలి నమిలి నల్లబడిన తన పళ్ళను మాత్రం వేలితో తడుముకుని, "ఇది పాచి కాదులే, గార. పుల్లకు రాదు" అనేది. పంటి మీద పేరుకునేదానికి మన భాష రెండు పేర్లు పెట్టుకుంది. చెరువు మెట్ల మీద జారుడుగా పట్టేదీ పాచే. గోడకు సున్నమూ ఇసుకా కలిపి మెత్తేదీ గారే. ఈ రెండు మాటలంటే నాకు గొప్ప గౌరవం. మైక్రోస్కోపు కింద తేలిన సంగతి వాటిలో అప్పటికే ఉంది.

పంటి పాచి నిజంగా చెరువు పాచి లాంటిదే. తమ చుట్టూ తామే జిగురు అల్లుకుని బతికే బాక్టీరియా గుంపు అది. పళ్ళు తోమిన కొద్ది గంటలకే మళ్ళీ మొదలవుతుంది. వేప పుల్లకైనా బ్రష్షుకైనా తేలిగ్గా ఊడి వస్తుంది. వదిలేస్తే ఏమవుతుందో మా నెల్లూరు జిల్లాలో అల్లూరు దగ్గర ఇసకపల్లి ఉప్పు మడులు చూసినవారికి చెప్పనక్కర్లేదు. మడిలో నీరు చిక్కబడి, ఇక ఉప్పును కరిగించి ఉంచుకోలేని దశకు రాగానే గింజ కడుతుంది. మన లాలాజలం కాల్షియం, ఫాస్ఫేట్‌లతో ఎప్పుడూ అలాంటి చిక్కదనంలోనే ఉంటుంది. పంటి పైపొర కరిగిపోకుండా కాచేది ఆ చిక్కదనమే. నోరంతా గింజకట్టకుండా లాలాజలంలోని కొన్ని ప్రోటీన్లు అడ్డుపడుతుంటాయి. అయితే పాచి లోపల, చచ్చిన బాక్టీరియా చుట్టూ, ఖనిజానికి గింజకట్టే చోటు దొరుకుతుంది. రెండు మూడు రోజుల్లోనే గట్టిపడడం మొదలై, రెండు వారాలు తిరిగేసరికి రాయిలా బిగుసుకుంటుంది. లాలాజలం నోట్లోకి ఊరే చోట్ల ఇది మరీ ఎక్కువ: కింది ముందుపళ్ళ లోపలివైపు, పైదవడ పళ్ళ బుగ్గవైపు. తొందరలో మన బ్రష్షు వదిలేసేది కూడా ఆ కింది పళ్ళ లోపలి ముఖాన్నే.

ఉప్పుకు ఈ కథలో ఇంకొక పాత్ర ఉంది. హాలండ్‌లోని డెల్ఫ్ట్‌లో బట్టల వ్యాపారం చేసిన లీవెన్‌హుక్ రోజూ ఉప్పుతో పళ్ళు తోముకునేవాడు. అయినా పళ్ళ సందుల్లో తెల్లగా ఏదో మిగిలింది. దాన్ని గీకి, తాను చేసుకున్న కటకం కింద చూశాడు. అందులో ప్రాణులు కదులుతున్నాయి. 1683 సెప్టెంబరులో లండన్ రాయల్ సొసైటీకి ఆ సంగతి రాశాడు. మనిషి కంటపడిన తొలి బాక్టీరియాల్లో పంటి పాచిలోవీ ఉన్నాయి.

గారను మాత్రం అంతకు చాలా ముందునుంచే గీకుతున్నారు. వెయ్యేళ్ళ కిందట కార్డొవాలో శస్త్రవైద్యుడు అల్ జహ్రావి, పళ్ళు గీకడానికి 14 రకాల పనిముట్ల బొమ్మలు గీసి పెట్టాడు. ఆ తర్వాత తొమ్మిది శతాబ్దాలకు పైగా ఇనుప కొక్కెం, వైద్యుడి మణికట్టు బలం, రోగి ఓర్పు, ఇంతే.

గార రాల్చే మిషన్ పుట్టుక ఇంకెక్కడో జరిగింది. ఇనుప కడ్డీని అయస్కాంతంగా మారిస్తే అది రవ్వంత సాగుతుందని 1842లో శాస్త్రవేత్త జూల్ చూపించాడు. 1880లో క్యూరీ సోదరులు కొన్ని స్ఫటికాలను నొక్కితే విద్యుత్తు పుడుతుందని కనిపెట్టారు. వాటిలో ఒకటి, మన సైదాపురం కొండల్లో దొరికే పలుగురాయి జాతిదే. విద్యుత్తు ఇస్తే అవి వణుకుతాయని మరుసటేడే తేలింది. మొదటి ప్రపంచయుద్ధంలో శాస్త్రవేత్త లాంజెవిన్ అలాంటి పలుగురాతి పలకలను ఉక్కు నడుమ బిగించి, జలాంతర్గాములను పసిగట్టడానికి సముద్రంలోకి చెవికందని మోత పంపాడు. ఇవాళ జువ్వలదిన్నె నుంచి వేటకు వెళ్ళే మరపడవ లోతునూ చేపల గుంపునూ చూపే పరికరం ఆ వంశానిదే.

1950ల ఆరంభంలో అమెరికాలో ఈ కంపనంతో గట్టి లోహాలను కోయసాగారు. పంటిని కూడా కోయవచ్చు కదా అనుకున్నారు. 1953లో ఆ ప్రయత్నం వెలుగులోకి వచ్చింది. వణికే మొన, పంటి మధ్య రాపిడి పొడి కలిపిన ద్రవం పోస్తుండాలి. చేస్తున్న పని వైద్యుడికి కనబడదు. అంతలో గాలితో గిర్రున తిరిగే డ్రిల్లు వచ్చి దీన్ని పక్కకు నెట్టేసింది. కథ అక్కడితో ముగిసేదే. కానీ 1955లో జిన్నర్ అనే వైద్యుడు ఆ పొడిని తీసేసి, ఉత్త నీటితో, కోయడానికి కాకుండా గార రాల్చడానికి ఆ మొనను వాడాడు. ఒక్క పని మార్చడంతో యంత్రం బతికింది. రెండు మూడేళ్ళలోనే కావిట్రాన్ పేరుతో అమ్మకానికి వచ్చింది.

ఆ మొన సెకనుకు 25 వేల నుంచి 40 వేల సార్లు ఊగుతుంది. ఊగేది మిల్లీమీటరులో పదోవంతుకు మించదు. వేడెక్కకుండా నీరు చిమ్ముతుంటుంది. గార పెళుసుగా బీటలు వారి, పెచ్చులుగా ఊడుతుంది. ఈ పనినే స్కేలింగ్ అంటారు.

"స్కేలింగ్ చేయిస్తే పళ్ళు కదుల్తాయంట గదా?" ఈ ప్రశ్న మా వైపు ప్రతి ఇంట్లో వింటాను. ఆ భయం వెనక ఉన్న అనుభవం అబద్ధం కాదు. గార కింద చేరిన పాచి, చిగురును వాపెక్కించి, ఏళ్ళ తరబడి పంటిని పట్టి ఉంచే ఎముకను తినేసి ఉంటుంది. కదులుతున్న పళ్ళను ఒకదానికొకటి అతికించి నిలబెట్టింది గారే. అది రాలగానే దాగిన సందులు బయటపడతాయి, వాపు దిగిన చిగురు వెనక్కి జరుగుతుంది, చల్లనీళ్ళు కొన్నాళ్ళు జివ్వుమంటాయి. జబ్బు చేసిన నష్టం మిషన్ ఖాతాలో పడుతుంది. అది చూసి భయపడి ఇంకో పదేళ్ళు ఊరుకునేవాళ్ళను తలచుకుంటే నాకు నిజంగా బాధ. ఎముక పోయాక తిరిగి రాదు. ముందే వెళ్ళినవారికి ఇది అరగంట పని. రోజూ పాచిని పాచిగానే తీసేసేవారికి ఆ పని ఇంకా తక్కువ.

మా నెల్లూరు జిల్లా గురించి ఒక మాట విడిగా చెప్పాలి. మన దేశంలో ఫ్లోరోసిస్‌ను షార్ట్ అనే వైద్యుడు, ఆయన సహచరులు 1937లో వైద్యపత్రికలో వివరించింది అప్పటి నెల్లూరు జిల్లా ఊళ్ళనుంచే. చిన్నతనంలో ఫ్లోరైడ్ ఎక్కువైన నీళ్ళు తాగితే, పన్ను మొలవకముందే పైపొర లోపల దెబ్బతిని, తర్వాత అక్కడ పసుపు, గోధుమ మచ్చలు తేలతాయి. వాటిని గార అనుకుని ఇసుకతో, ఇటుక పొడితో రుద్దుకునేవాళ్ళున్నారు. అది పంటి పైనున్నది కాదు, పన్నే. రుద్దితే పన్నే అరుగుతుంది. స్కేలింగ్ మిషన్ కూడా దాన్ని తీయలేదు.

ఈ మిషన్‌కు ఒక బిడ్డ ఉంది. 1960లలో న్యూయార్క్ కంటి వైద్యుడు కెల్మన్, పెద్ద కోత లేకుండా శుక్లం తీసే దారి కోసం వెతికి వెతికి అలసిపోయి, పళ్ళ గార తీయించుకోవడానికి కుర్చీలో కూర్చున్నాడు. వణికే మొన పంటిని కదపకుండా గారను మాత్రం రాలుస్తోంది. కంట్లో శుక్లాన్నీ ఇలాగే పొడి చేసి పీల్చేస్తే? 1967లో మొదటి మనిషికి అలా చేశాడు. దాన్నే మనం ఫేకో అంటున్నాం. మా అవ్వ శుక్లం తీయించుకునేనాటికి అది మా ఊళ్ళ వైపు రాలేదు. పాత పద్ధతిలో తీశారు. ఆ తర్వాత సోడాబుడ్డి అద్దాల్లోంచే ఆమె మా మొహాలు పోల్చుకునేది.