హోమ్ థియేటర్‌లో బేస్ పోయిందా..? కొత్త వూఫర్ కొనేముందు మీటర్ పెట్టి చూడండి!

పండగ దగ్గర పడిందంటే జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి.. ఎక్కడైనా రిపేర్ షాపు ముందు వినిపించే మాట ఒకటే. "అన్నా, బేస్ వస్తలేదు.. వూఫర్ మార్చు." దమ్ దమ్ అనాల్సిన డబ్బా గర్ గర్ అంటుంది, లేదంటే అసలు చప్పుడే చేయదు. చాలామంది వెంటనే ఒక నిర్ణయానికి వచ్చేస్తారు. పాతది పోయింది కాబట్టి ఈసారి ఇంకో రెండు ఇంచులు పెద్దది వేయిద్దాం అని. అయితే నిజంగా పోయింది స్పీకరేనా? పోయింది ఆంప్లిఫయర్ అయితే మాత్రం కొత్తగా బిగించిన వూఫర్ కూడా నిమిషాల్లో కాలిపోతుంది. డబ్బులు రెండుసార్లు పోతాయి.

అందుకే ముందు పాతదాన్ని పరీక్షించాలి. దీనికి కావాల్సింది ఒక మామూలు డిజిటల్ మల్టీమీటర్, ఒక స్క్రూడ్రైవర్. అంతే. ప్లగ్ తీసేసి, వూఫర్‌కు వచ్చే రెండు వైర్లు ఊడదీసి, మీటర్‌ను ఓమ్స్‌లో పెట్టి స్పీకర్ టెర్మినళ్ల మీద పెట్టండి. 4 ఓమ్స్ వూఫర్ అయితే మీటర్‌లో దాదాపు 3.2 నుంచి 3.6 చూపిస్తుంది. 8 ఓమ్స్‌ది అయితే 6 నుంచి 7 మధ్య ఉంటుంది. రాసి ఉన్నదానికంటే తక్కువ చూపిస్తే కంగారు పడొద్దు, అది మామూలే. ఏమీ చూపించకపోతే మాత్రం కాయిల్ తెగినట్టు, లేదా కోన్ మీదికి వెళ్లే జడలాంటి సన్నని వైరు తెగినట్టు. వైరు ఒక్కటే తెగితే టంకం పెట్టించుకుంటే సరిపోతుంది. దానికోసం కొత్త స్పీకర్ కొనాల్సిన పనిలేదు.

రెండో పరీక్షకు చేతులు చాలు. రెండు చేతుల వేళ్లతో కోన్‌ను అన్నివైపులా సమానంగా, నెమ్మదిగా లోపలికి నొక్కండి. మెత్తగా వెళ్లి మెత్తగా వస్తే మంచిదే. గీసుకున్నట్టు గరగర వినిపిస్తే కాయిల్ అయస్కాంతానికి రాసుకుంటున్నట్టు లెక్క. కోన్ చుట్టూ ఉండే రింగును కూడా చూడండి. ఫోమ్ రింగు అయితే ఏళ్లు గడిచేకొద్దీ పొడిపొడిగా రాలిపోతుంది. ఊళ్లల్లో ఇంకో శత్రువు ఎలుక! డబ్బాకు ఉండే గాలి రంధ్రంలోంచి దూరి కాగితం కోన్‌ను కొరికేస్తుంది. రింగు పోయినా, కోన్ చిరిగినా అయస్కాంతం, ఫ్రేమ్ బాగుంటే పాత మెకానిక్‌లు కోన్, కాయిల్ మార్చి మళ్లీ నిలబెడతారు. మంచి బరువైన అయస్కాంతం ఉన్న పాత వూఫర్‌ను పారేసి, తేలికపాటి కొత్తది కొనడం కంటే ఇదే నయం.

ఇప్పుడు అసలు విషయం.. ఆంప్లిఫయర్. మన దగ్గర అసెంబుల్డ్ సెట్లలో చాలాకాలంగా కనిపించేవి టీడీఏ 2030, టీడీఏ 2050, టీడీఏ 7294 లాంటి ఐసీలు. వీటిలో ఏదైనా షార్ట్ అయితే పాటకు బదులు నేరుగా డీసీ కరెంటు స్పీకర్‌లోకి వెళ్తుంది. లెక్క చూడండి. 12 వోల్టుల డీసీ.. 3.4 ఓమ్స్ ఉన్న కాయిల్ మీద పడితే 40 వాట్లకు పైనే వేడి పుడుతుంది. అది కూడా ఆగకుండా. పాట వస్తున్నప్పుడు కోన్ కదులుతూ కాయిల్‌కు గాలి తగిలిస్తుంది, డీసీలో కోన్ ఒక పక్కకు బిగుసుకుపోయి కదలదు. చివరికి కాలిన వాసన, తర్వాత పొగ. పాత వూఫర్ కాలిపోయింది కూడా ఇలాగే అయి ఉండొచ్చు.

ఇది తెలుసుకోవడం చాలా తేలిక. వూఫర్ కలపకుండా సెట్ ఆన్ చేసి, వాల్యూమ్ సున్నాలో పెట్టి, స్పీకర్‌కు వెళ్లే రెండు వైర్ల మధ్య డీసీ వోల్టేజీ కొలవండి. 50 మిల్లీవోల్టుల లోపు ఉంటే నిశ్చింత. రెండు, మూడు వోల్టులో, అంతకంటే ఎక్కువో చూపిస్తే కొత్త వూఫర్‌ను ఆ వైర్లకు అసలు తగిలించొద్దు. ముందు బోర్డు బాగు చేయించాలి. బోర్డు మీద మాత్రం సొంతంగా చేతులు పెట్టొద్దు. ప్లగ్ పీకేసినా పెద్ద కెపాసిటర్లలో కొంతసేపు చార్జ్ ఉంటుంది, ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర 230 వోల్టులు ఉంటాయి. షాపులో కొత్తది బిగించేముందు "అన్నా, డీసీ చూసినవా?" అని ఒక్క మాట అడిగితే చాలు.. మంచి మెకానిక్ అయితే మీటర్ తీసి చూపిస్తాడు.

పెద్దది వేస్తే పెద్ద బేస్ వస్తుందా?

ఇక్కడే ఎక్కువమంది బోల్తా పడుతున్నారు. 8 ఇంచుల డబ్బాకు రంధ్రం కోసి 10 ఇంచులది దూర్చేస్తారు. శబ్దం పెరుగుతుంది, కానీ డప్పు కొట్టినా, బేస్ గిటార్ వాయించినా ఒకటే "బుమ్ బుమ్". కారణం డబ్బా లోపలి గాలి. స్పీకర్ వెనక ఉన్న గాలి స్ప్రింగులా పనిచేస్తుంది. డబ్బా చిన్నదైతే ఆ స్ప్రింగు గట్టిపడుతుంది. ఆస్ట్రేలియా ఇంజినీర్ నెవిల్ థీల్ 1961లో, ఆ తర్వాత 1970ల్లో రిచర్డ్ స్మాల్ ఈ లెక్కలను తేల్చారు. మంచి వూఫర్ కాగితం మీద కనిపించే ఎఫ్ఎస్, క్యూటీఎస్, వాస్ అనే అంకెలు వాళ్ల లెక్కల్లోంచి వచ్చినవే.

ఉదాహరణకు ఎఫ్ఎస్ 35 హెర్ట్జ్, క్యూటీఎస్ 0.5, వాస్ 60 లీటర్లు ఉన్న 10 ఇంచుల వూఫర్‌ను 20 లీటర్ల మూసిన డబ్బాలో పెట్టారనుకుందాం. దాని సహజ కంపనం 35 నుంచి 70 హెర్ట్జ్‌కు ఎక్కిపోతుంది, క్యూ విలువ 1.0 అవుతుంది. అంటే లోతైన బేస్ పోయి, 70 దగ్గర ఒకటే మోత. అదే వూఫర్‌ను 40 లీటర్ల డబ్బాలో పెడితే 55 హెర్ట్జ్‌కు, దాదాపు 0.8కు దిగుతుంది. 0.7 దగ్గర ఉంటే శుభ్రంగా వినిపిస్తుందని నిపుణుల మాట. మరి మీ డబ్బా ఎన్ని లీటర్లు? లోపలి పొడవు, వెడల్పు, లోతు సెంటీమీటర్లలో కొలిచి గుణించి వెయ్యితో భాగించండి. 30, 25, 30 అయితే 22.5 లీటర్లు. 10 ఇంచులకు ఆశపడేవాళ్లు ఈ లెక్క చూసుకున్నాక చాలావరకు మంచి 8 ఇంచులతోనే సరిపెట్టుకోవడం మేలు.

డీజే బాక్సుల్లో వాడే స్పీకర్ ఇంట్లో వేసుకుంటామనేవాళ్లూ ఉన్నారు. అది మైదానంలో దూరం వినిపించడానికి చేసింది. రింగు గట్టిగా ఉంటుంది, చిన్న డబ్బాలో లోతైన బేస్ ఇవ్వదు. కార్ సబ్ వూఫర్‌తో ఇంకో చిక్కు.. వాటిలో చాలావాటికి రెండు కాయిల్స్ ఉంటాయి. 4 ప్లస్ 4 ఉన్నదాన్ని వరుసగా కలిపితే 8 ఓమ్స్, పక్కపక్కన కలిపితే 2 ఓమ్స్. 4 ఓమ్స్ ఆంప్లిఫయర్‌కు 2 ఓమ్స్ తగిలిస్తే ఐసీ వేడెక్కి మళ్లీ మొదటికే వస్తుంది కథ. 4 ఓమ్స్ స్థానంలో 8 ఓమ్స్ పెడితే ప్రమాదం లేదు గానీ పవర్ సుమారు సగానికి తగ్గుతుంది.

ఇక డబ్బా మీద స్టిక్కర్. "5000 వాట్స్ పీఎంపీఓ" అంకెను పట్టించుకోవద్దు. లోపల ఉన్నది 12-0-12, 3 ఆంపియర్ల ట్రాన్స్‌ఫార్మర్ అయితే దాని మొత్తం సత్తా 72 వీఏ. అందులోంచి వేల వాట్లు ఎక్కడినుంచి వస్తాయి? చూడాల్సింది ఆర్ఎంఎస్ అంకె మాత్రమే.

స్థానికంగా దొరకకపోతే జనగామ వాళ్లు రైలెక్కి హైదరాబాద్ కోఠిలోని గుజరాతీ గల్లీకి, మహబూబాబాద్ వాళ్లు రైల్లోనే వరంగల్‌కు వెళ్లొచ్చు. భూపాలపల్లికి రైలు లేదు కాబట్టి పరకాల మీదుగా హన్మకొండ బస్సే దిక్కు. రెండోసారి తిరగకుండా ఉండాలంటే పాత స్పీకర్‌ను వెంట తీసుకెళ్లండి. ముందు ఇంచులు కాదు, రంధ్రం కొలత, స్క్రూల మధ్య దూరం, వెనక లోతు సరిచూసుకోండి.

బిగించేటప్పుడు ఫ్రేమ్ కింద ఫోమ్ పట్టీ వేయాలి, గాలి లీకైతే బుస్ బుస్ మంటుంది. ప్లస్ ఏదో తెలియకపోతే 1.5 వోల్ట్ సెల్‌ను ఒక్క క్షణం తాకించండి. కోన్ బయటకు వస్తే సెల్ ప్లస్ తగిలిన టెర్మినలే ప్లస్. సెట్‌కు క్రాసోవర్ నాబ్ ఉంటే 80 నుంచి 120 హెర్ట్జ్ మధ్య పెట్టి వినండి. రేకుల ఇంట్లో రేకులు గలగలమంటే వూఫర్ తప్పు కాదు, డబ్బాను గోడ మూలలోంచి కాస్త ముందుకు జరిపి చూడండి.

బేస్ గోడలు దాటి వెళ్తుంది. ఓపెన్‌కాస్ట్ గనులున్న భూపాలపల్లిలో నేల అదిరితే ఎలా ఉంటుందో కొత్తగా చెప్పక్కర్లేదు. 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనల ప్రకారం నివాస ప్రాంతాల్లో పగలు 55, రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా 45 డెసిబెల్స్ పరిమితి. ఇంట్లోని సౌండ్ సిస్టమ్ చప్పుడు ప్రహరీ దగ్గర ఈ పరిమితిని 5 డెసిబెల్స్‌కు మించి దాటకూడదు. దాటితే పక్కింటివాళ్లు ఫిర్యాదు చేయొచ్చు.