పచ్చికాయలోని వగరు

లేత జామపిందెను గొఱికినంతనే నాలుక ముడుచుకొని నోరు పిడచగట్టుట మనమందఱ మెఱిగినదే. పచ్చికాయలందు టానినులను పదార్థము లుండును. ఇవి మాంసకృత్తులను పట్టి ముద్దగట్టించును. లాలాజలమునకు జిగినిచ్చు మాంసకృత్తు లిట్లు ముద్దగట్టుటచేతనే మనకు వగరు తోచును.

ఆ లాలాజలమునందే అమైలేసను కిణ్వము కలదు. అన్నమును చాలసేపు నమలినచో తియ్యనగుట దీని పనియే. క్లోమరసమందును ఇట్టిదే యుండి, పిండిపదార్థమును చక్కెరగా విడగొట్టుటకు తోడ్పడును. ఇట్టి కిణ్వమును 1833లో పాయెన్, పెర్సో అను ఫ్రెంచి శాస్త్రజ్ఞులు మొలకెత్తిన బార్లీగింజల నుండి వేఱుచేసిరి. కిణ్వములును మాంసకృత్తులే గావున, టానినులు వానిని గూడ పట్టి వాని పనిని మందగింపజేయగలవు.

మన వంటింటి అరటికాయనే చూడుడు. నీరు తీసిన పచ్చికాయ గుజ్జులో నూటికి సుమారు 70 పాళ్లు పిండియే. ఆ పచ్చిపిండి రేణువులు గట్టివగుటచేత కిణ్వములకు సులభముగా లొంగవు; దానికి టానినులును తోడగును. కాయ పండునప్పుడు దానిలోని కిణ్వములే పిండిని చక్కెరగా మార్చును. టానినులు కరగని స్థితికి వచ్చి వగరు తగ్గును. ఉడికించినచో రేణువు లుబ్బి మెత్తబడి, కూర సులభముగా జీర్ణమగును. తరిగిన ముక్కలను మజ్జిగనీటిలో వేయుటయు మంచి యాచారమే. ఆ పులుపు ముక్కలు నల్లబడకుండ కాపాడును.

ఇది విని, పచ్చికాయల రసము త్రాగినచో మధుమేహము కుదురునని కొందఱు చెప్పుదురు. ఇది పొరపాటు. గాజుగొట్టములో కిణ్వము నడ్డగించినది కడుపులో నట్లే చేయునను నమ్మకము లేదు. అచ్చట టానినులు ఇతరాహారములోని మాంసకృత్తులను గూడ పట్టుకొనును. కాయకు కాయకు వాని పాళ్లును మాఱుచుండును. పిండి జీర్ణమగుటను మందగింపజేయు అకార్బోసను ఔషధము కలదు గాని, దానిని వైద్యులు రోగినిబట్టి కొలిచి యిత్తురు.

స్త్రీలు మఱియొకటి గమనింపవలెను. టానినులు శాకాహారములోని యినుమును పట్టి, దానిని శరీరమునకు చక్కగా నందనీయవు. రక్తహీనత గలవారును గర్భిణులును వగరురసములను అదేపనిగా సేవించుట తగదు.

కావున అరటికాయ కూరను కమ్మగా వండి అందఱకు వడ్డింపుడు. ఇంట మధుమేహరోగి యున్నచో, కాయరసమును నమ్మి వైద్యుడిచ్చిన మందును మాత్రము మాన్పింపకుడు.