మోటారు నడుపువారికి నడుమునొప్పియు కాలునొప్పియు

నడుమునొప్పి ముసలితనమునకు తోడుగా వచ్చు పీడయని మన పెద్దలు తలంచెడివారు. ఇప్పుడో, ముప్పది యేండ్లు నిండని యువకులును నడుముమీద చేయి వేసికొని మెల్లమెల్లగా లేచుట చూచుచున్నాము. వీరిలో ననేకులు దినమంతయు చక్రము పట్టుకొని కూర్చుండువారు. మన పాఠశాలకు బిడ్డలను పంపు తండ్రులలో లారీలు నడుపువారు కలరు, ఆటోలు నడుపువారు కలరు, ఆర్టీసీ బస్సు డ్రైవరులు కలరు. ఆదివారము తెల్లవారినది మొదలు ఒక సంఘమునుండి మఱియొక సంఘమునకు ప్రయాణము చేయు బోధకులును కలరు. డ్రైవరుకు నడుము చెడినయెడల ఆదాయము చెడును. ఆదాయము చెడిన యింటిలో తఱచుగా మొట్టమొదట ఆగునది బిడ్డల చదువు. కావున ఈ సంగతిని వైద్యులకు మాత్రమే విడిచిపెట్టుట తగదు.

ఎద్దుల బండి తోలువానిని చూడుడు. అతడు కొంతసేపు నొగమీద కూర్చుండును, కొంతసేపు కాళ్లు వ్రేలాడవేయును, మెరక వచ్చినప్పుడు దిగి యెద్దులతోపాటు నడచును. పూర్వకాలపు ఐగుప్తీయుల రథసారథి నిలువబడియే తోలును. రథపు అడుగు తోలుపట్టీలతో మన నులక మంచమువలె అల్లబడియుండుటచేత కుదుపును చాలవరకు ఆ యల్లికయే మ్రింగివేయును. రాజుల రెండవ గ్రంథములో కావలివాడు దూరమునుండి తోలెడి రీతిని చూచియే గుర్తుపట్టిన యెహూ కూడ నిలిచియే తోలియుండవలెను. మోటారు నడుపువానికి మెత్తని సీటు దొరకినది గాని స్వేచ్ఛ పోయినది. కుడికాలు ఆక్సిలరేటరుమీద, ఎడమకాలు క్లచ్చియొద్ద, చేతులు చక్రముమీద, కన్నులు బాటమీద. గంటల తరబడి ఏ యవయవమునకును కదలిక లేదు. ఈ కట్టుబాటే నొప్పికి మూలము.

మన వెన్నులో ఏమి జరుగునో చూతము. పుట్టిన శిశువునకు వెన్నుపూసలు 33. పెరిగినకొలది అడుగుననున్న 5 కలిసి ఒకే యెముకయగును. తోకయెముకలోని 4 తఱచుగా ఒకటిగా అంటుకొనును. విడివిడిగా మిగులునవి 24. మెడలో 7, రొమ్ము వెనుక 12, నడుములో 5. పూసకును పూసకును నడుమ మెత్తని బిళ్లలున్నవి. బిళ్ల వెలుపలి భాగము ఉల్లిపొరలవలె చుట్లుచుట్లుగా గట్టిగానుండును. లోపల తాటిముంజెవంటి మెత్తని పదార్థముండును. వింత యేమనగా, పెద్దవారి బిళ్లలోనికి రక్తనాళములు ఇంచుమించుగా పోవు. ఒత్తిడి తగ్గినప్పుడు నీటిని పీల్చుకొనుచు, ఒత్తిడి హెచ్చినప్పుడు విడుచుచు, తడిగుడ్డవలె అది తన యాహారమును తెచ్చుకొనును. అనగా కదలికయే దానికి అన్నము. గంటల తరబడి కదలకున్న బిళ్ల పస్తుండునదే.

నిలిచియున్న మనిషి నడుము లోపలికి కొంచెము వంపు తిరిగియుండును. కూర్చున్నతోడనే కటియెముక వెనుకకు ఒరగి ఆ వంపు చదునగును. 1953లో అమెరికా వైద్యుడు కీగన్ వివిధ భంగిమలలోనున్న మనుష్యుల ఎక్స్‌రే చిత్రములు తీసి దీనిని స్పష్టముగా చూపెను. వంపు పోయినప్పుడు బిళ్ల ముందుభాగము నలిగి, లోపలి గుజ్జు వెనుకకు త్రోయబడును. ఆ వెనుకనే నరములున్నవి. నడుమునుండి పిరుదు మీదుగా తొడ వెనుకకు, పిక్కకు, పాదమునకు దిగు లావైన నరము వీటినుండియే పుట్టుచున్నది. ఆ నరము వెంబడి దిగు నొప్పిని ఆయుర్వేదమున గృధ్రసియందురు. కాలు నొచ్చుచున్నదని కాలికి తైలము రుద్దువారు పలువురు. నొప్పికి కారణము కాలిలో గాక నడుములో నుండవచ్చునని వారికి తోచదు.

1960-70 సంవత్సరముల నడుమ స్వీడను దేశపు వైద్యుడు నాకెమ్సన్ సజీవులైన మనుష్యుల బిళ్లలోనికి సూది పంపి లోపలి ఒత్తిడిని కొలిచెను. నిలిచినప్పటికంటె ఆనుకొనక కూర్చున్నప్పుడు ఒత్తిడి నూటికి సుమారు 40 వంతులు హెచ్చినదని ఆయన లెక్క. 1999లో జర్మనీలో విల్కే మొదలగువారు ఒక మనిషియందు మరల కొలువగా, సుఖముగా కూర్చున్నప్పుడు అంత భేదము కనబడలేదు. అయితే ముందుకు వంగి కూర్చున్నయెడల ఒత్తిడి చాల హెచ్చునని రెండు కొలతలును చెప్పినవి. నాకెమ్సన్ సహచరుడు ఆండర్సన్ 1974లో కారు డ్రైవరు సీటునే పరీక్షించెను. వీపుపలకను కొంత వెనుకకు వాల్చి, నడుము వెనుక ఆసరా పెట్టినప్పుడు ఒత్తిడి తగ్గినది. క్లచ్చి త్రొక్కినప్పుడు పెరిగినది. కాబట్టి కూర్చుండుట పాపము కాదు. కూర్చుండు తీరును గమనింపవలెను.

దీనికి తోడు బండి యదురు. కూర్చున్న మనిషి దేహము సెకనుకు 4 మొదలు 6 సార్లు క్రిందుమీదుగా ఊగు కంపమునకు ఎక్కువగా స్పందించును. ఊయెలను సరియైన సమయమున నెట్టిన అది పెద్దదిగా ఊగునట్లే, వాహనపు అదురు ఈ వేగముతో కలిసినప్పుడు వెన్ను మఱింత ఊగును. లారీలును ట్రాక్టరులును ఇంచుమించుగా ఈ వేగముననే అదరుచుండుట డ్రైవరుల దురదృష్టము. గుంటల బాటమీద వేగము తగ్గించుట, చక్రములలో గాలి మితముగా నుంచుట, అరిగిన షాకబ్జార్బరులను మార్పించుట, ఇవి బండికే గాక వెన్నుకును మేలు. సీటు నురుగు నలిగిపోయి ఇనుపకమ్మి తగులుచున్న బండిని, సీటు జరుపు మీట త్రుప్పు పట్టిన బండిని డ్రైవరుకు అప్పగించి, అతని నడుమునొప్పిని సోమరితనమనుట యజమానులకు న్యాయము కాదు. మిషను వాహనములకును ఈ మాట వర్తించును.

ఇక కాళ్ల సంగతి. గుండె రక్తమును పాదములవరకు పంపును గాని, దానిని పైకి మరల్చుటలో పిక్కల కండరములు చాల సాయపడవలసియున్నది. నడచునప్పుడు పిక్క బిగిసి సిరలను నొక్కును. సిరలలోని చిన్న తలుపులు రక్తమును క్రిందికి జాఱనీయవు. కదలక కూర్చున్నయెడల ఈ తోడు యంత్రము ఆగిపోవును. పాదములు ఉబ్బును, పిక్కలు లాగును. అంతకంటె భయంకరమైనది సిరలో రక్తము గడ్డకట్టుట. 1940లో జర్మనుల బాంబులకు వెఱచి లండను ప్రజలు రాత్రులు నేలమాళిగలలో మడత కుర్చీలమీద కూర్చుండి నిద్రించెడివారు. కుర్చీ ముందఱి కఱ్ఱ తొడల వెనుక నొక్కుచుండెను. బాంబు తగులకయే కొందఱు తెల్లవారునప్పటికి చనిపోయిరి. కాలి సిరలో కట్టిన గడ్డ ఊపిరితిత్తులకు పోవుటయే కారణమని కీత్ సింప్సన్ అను వైద్యుడు ఆ సంవత్సరము డిసెంబరులో ప్రకటించెను. కూర్చుండుటకు మాఱుగా పండుకొను బల్లలు కావలెనని అప్పుడు తెలిసినది. కారు సీటు ముందంచు మోకాలి వెనుక ఒరయుచున్నయెడల ఆ కుర్చీ కఱ్ఱను తలంచుకొనుడు.

సీటును సరిచేయుట బండి నిలిపియున్నప్పుడే. నడచుచుండగా మీట లాగుట ప్రాణాపాయము. మొదట పిరుదులను సీటు మూలవఱకు వెనుకకు జరుపుడు. సీటు ఎత్తు మార్చు వీలున్నచో తుంటి మోకాళ్లకంటె దిగువగా నుండకుండునట్లు పెంచుడు. వీలు లేనియెడల గట్టి దిండు చాలును. తరువాత ఎడమకాలితో క్లచ్చిని అడుగంట త్రొక్కుడు. అప్పుడును మోకాలు కొంచెము వంగియే యుండవలెను, వీపు సీటును విడువరాదు. కాలు కఱ్ఱవలె చాగినయెడల త్రొక్కినప్పుడెల్ల నడుము మెలితిరుగును. మన డ్రైవరులలో నేను తఱచుగా చూచు తప్పు ఇదియే. క్లచ్చి లేని కారులో బ్రేకుతో ఈ పరీక్ష చేయవచ్చును. మోకాలి వెనుకకును సీటంచునకును నడుమ రెండు మూడు వ్రేళ్ల సందుండవలెను. వీపుపలకను నిటారుగా గాక, పడక కుర్చీవలెను గాక, 100 మొదలు 110 డిగ్రీల కోణమున వాల్చుడు. బెల్టు కట్టు చోటికి కొంచెము పైగా, నడుము వంపులో ఒక తువాలును చుట్టి పెట్టుకొనుడు. అది చేతిమణికట్టంత లావున్న చాలును. మిక్కిలి లావైనచో వేఱొక నొప్పి తెచ్చును. భుజములు సీటుకు ఆనియుండగా చేయి చాచిన మణికట్టు స్టీరింగు చక్రపు పైయంచున పడవలెను. రొమ్మెముకకును చక్రపు నడిబొడ్డుకును 25 సెంటీమీటరులకు తక్కువ గాకుండ ఎడముండవలెను; ప్రమాదములో గాలిసంచి విచ్చుకొనుటకు ఆ చోటు కావలెను.

అన్నియు సరిచేసికొని నిటారుగా కూర్చున్నపిమ్మట వెనుకచూపు అద్దమును త్రిప్పుకొనుడు. రెండు గంటల తరువాత అద్దములో వెనుక బాట సరిగా కనబడకున్నయెడల అద్దము కదలలేదు, మీరే క్రిందికి జాఱితిరి. అద్దమును ముట్టక మీరు పైకి జరుగుడు. ఇంత చవుకైన ఉపాధ్యాయుడు మఱియొకడు లేడు.

క్లచ్చిమీద ఎడమపాదము ఊరక ఆనించియుంచుట పలువురికి అలవాటు. దానివలన కాలికి చేటు, క్లచ్చి ప్లేటుకును చేటు. గేరు మార్చినవెంటనే పాదమును ప్రక్కన నేలకు దించవలెను. హైదరాబాదు వంటి నగరములలో బండ్లు నిలిచిపోయినప్పుడు గేరు తీసి కాలికి విశ్రాంతి నిచ్చుట మంచిది. కుడి మడమను నేలకానించి పాదమును మాత్రమే త్రిప్పవలెను. మడమ గాలిలో నుండిన ముంగాలి కండరములు నొచ్చును.

మఱియొక సంగతి చెప్పిన నవ్వుదురేమో. వెనుక జేబులోని పర్సు. ఒక పిరుదు క్రింద లావైన పర్సుండగా గంటల తరబడి కూర్చున్నయెడల కటి ఒకవైపునకు ఒరగును, పిరుదులోని నరము నలుగును. పర్సులోని కార్డులవలన పుట్టిన ఈ నొప్పిని గూర్చి 1978లో అమెరికా వైద్యసంఘపు పత్రికలోనే ప్రకటింపబడినది. నేనెఱిగిన బోధకుడొకరు కుడితొడ వెనుక మంటకు ఏడాది మందులు మ్రింగిరి. చిల్లర నోట్లు, రసీదులు, చందాల చీటీలు కలిసి ఆయన పర్సు చిన్న యిటుకంత యుండెను. దానిని చొక్కా జేబులోనికి మార్చిన కొన్ని వారములకు మంట చాలవఱకు తగ్గినది. అందఱికిని ఇట్లే జరుగునని చెప్పజాలను, కాని ఖర్చు లేని వైద్యమును ముందు చేసి చూచుటలో నష్టమేమి?

ఆటో డ్రైవరుల కష్టము వేఱు. తమ సీటుమీదనే ఇరువైపుల ఇద్దఱిని ఎక్కించుకొని, తాము సీటంచున ఒకవైపునకు ఒదిగి, మెలితిరిగిన నడుముతో నడుపుచుందురు. మెలిక, వంపు, అదురు మూడును కలిసినప్పుడు బిళ్లకు హాని హెచ్చు. ఆ రెండు బాడుగలు మానుట ఎంత కష్టమో నే నెఱుగుదును. అయినను చట్టమునకును వెన్నుకును విరుద్ధమైన ఆ రాబడి మందులకే పోవుచున్నది. మోటారు సైకిలువారు చేతిపిడిమీదికి వాలి గూనుగా కూర్చుండక, మోచేతులు కొంచెము వంచి, గుంట వచ్చినప్పుడు పాదములమీద బరువు మోపవలెను.

ఎంత చక్కగా కూర్చున్నను ఎడతెగక కూర్చుండరాదు. హైదరాబాదునుండి విజయవాడకు సుమారు 270 కిలోమీటరులు. సూర్యాపేట ఇంచుమించు సగము దారి. అచట టీకి ఆగుట మనవారి పాత యలవాటు. నా మాట యేమనగా, అంతకుముందొకసారి, ఆ తరువాత నొకసారి కూడ ఆగి అయిదు నిమిషములు నడువవలెను. కారు దిగి మరల కుర్చీలో కూర్చుండి టీ త్రాగిన విశ్రాంతి కాదు. రెండు చేతులు నడుముమీద ఉంచి నాలుగైదు మాఱులు వెనుకకు వంగుట, మునివ్రేళ్లమీద లేచి దిగుట, పిక్కను సాచుట చాలును. 1961లో పార్లమెంటు చేసిన మోటారు రవాణా కార్మికుల చట్టము దినమునకు 8 గంటల పనిని, అయిదు గంటలు మించకుండ అరగంట విరామమును విధించినది. ఆ అరగంట సోమరితనము కాదని శాసనకర్తలే యెఱిగిరి. బాటలో మరుగుదొడ్లు లేవని మన స్త్రీలు నీళ్లు త్రాగక ప్రయాణము చేయుదురు. దానివలన రక్తము చిక్కబడి కాళ్లకు మఱింత కీడు. దారిలో శుభ్రమైన చోటెక్కడనున్నదో ముందే విచారించుకొని నీళ్లు త్రాగుట మేలు.

ఇల్లు చేరగానే డిక్కీలోని బియ్యపు బస్తాను వంగి ఎత్తుట మిక్కిలి అపాయకరము. వంగి కూర్చున్న వెన్ను బంధనములు సాగి వదులైయుండును. రెండు మూడు నిమిషములు నడచిన పిమ్మట ఎత్తుడు. తెల్లవారుజామున లేచినవెంటనే మూటలెత్తుటయు నట్టిదే. రాత్రియంతయు నీటిని పీల్చుకొని బిళ్లలు అప్పుడు ఉబ్బియుండును, వంగిన ఎక్కువ ఒత్తిడి పడును.

కొన్ని గుర్తులు కనబడినప్పుడు ఈ యుపాయములతో కాలక్షేపము చేయరాదు. కాలు తిమ్మిరెక్కి బలము తగ్గినను, పాదము ఎత్తలేక యీడ్చుచున్నను, తొడల నడుమ స్పర్శ పోయినను, మూత్రము ఆగిపోయినను లేక తెలియకుండ పోవుచున్నను ఆ దినముననే ఆసుపత్రికి పోవలెను. ఒక పిక్క మాత్రమే వాచి, వెచ్చనై, నొచ్చినయెడల రుద్దక వైద్యునికి చూపవలెను. దానితో రొమ్మునొప్పియో ఆయాసమో కలిగినచో మఱొకరిచేత బండి నడిపించుకొని వెంటనే పోవలెను, లేదా 108కి ఫోను చేయవలెను.