పెక్కు పత్రములను ఒక్కమారుగా పంపుట

మన గోదావరిఖని గనులలో పూర్వము బొగ్గు టబ్బులను ఒకదానికొకటి తగిలించి, ఒకే ఇనుపతాటితో పైకి లాగెడివారు గదా! కంప్యూటరున పెక్కు ఫైళ్లను ఒక్కమారుగా పంపుటయు నట్టిదే. కంట్రోల్ మీటను అదిమిపట్టి, వలసిన ఫైళ్ల పేర్లను వరుసగా నొక్కవలెను. 1995లో ఏర్పడిన నియమము ననుసరించి ఫైలునకు ఫైలునకు నడుమ సరిహద్దు గుర్తుండును. కావున అవి కలిసి పోయినను కలగలసిపోవు.

అయితే ఒక హెచ్చరిక. మా పొరుగున నున్న ఒక గనికార్మికుని వితంతువునకు పింఛను నిమిత్తమై ఐదు పత్రములను ఎన్నుకొనుచుండగా, మూడవదానికడ నా వ్రేలు మీటనుండి జారినది. మొదటి రెండును తప్పిపోయి, మూడే చేరినవి. తప్పినవానిలో మరణ ధ్రువపత్రమొకటి! దరఖాస్తు తిరిగివచ్చెను, ఆ యిల్లాలు నెలల తరబడి వేచియుండెను. కావున పంపుటకు ముందును, పంపిన పిదపను, తెరపై పేర్లను టబ్బులవలెనే లెక్కించి చూడుడు.