చుట్ట మానువారికి తోడ్పాటు

పొగాకు మన నేలపుట్టువు కాదు. అమెరికా ఖండమున బుట్టి, పోర్చుగీసువారి యోడలమీద బయలుదేరి, పదునారవ శతాబ్దపు తుదినాటికి దక్కను దేశమునకు వచ్చి చేరినది. ఇంచుమించు నాలుగు వందల యేండ్లలో అది మనకు మిక్కిలి స్వంతమైపోయినది. గోదావరిలోని ఒండ్రునేలలపై పండిన యాకునకు 'లంకపొగాకు' అనియే పేరు నిలిచినది. కన్యాశుల్క నాటకమున గిరీశము చుట్టను పొగడు ఘట్టమునకు నవ్వని తెలుగువాడు లేడు.

గిరీశమును జూచి నవ్వవచ్చును గాని, నేడు చుట్టవలన జెడుచున్నవారు గిరీశములు కారు. ఇంగ్లీషు చదివినవారు చుట్టను విడిచి సిగరెట్టు పట్టిరి. వారిలో పెక్కుమంది యిప్పుడు దానినిగూడ విడుచుచున్నారు. చుట్ట మిగిలినది కూలివానికి, పల్లెకారునకు, యానాదికి, ఎఱుకలవానికి, వారి యిండ్లలోని ముసలమ్మలకు. ఈ వ్యత్యాసమును గూర్చియే మేమీ నాలుగు మాటలు వ్రాయదలచితిమి.

2009-10 సంవత్సరమున మన దేశమున జరిగిన పొగాకు సర్వేలో వయోజనులలో నూటికి 34.6 మంది యేదో యొక రూపమున పొగాకు వాడుచున్నట్లు తేలెను. 2016-17లో ఆ సంఖ్య 28.6కు దిగెను. సంతోషింపదగిన మాటయే. అయినను సగటులెక్కను నమ్మి కాలువలో దిగినవాడు మునుగుటయు గలదు. 2019-21 నాటి జాతీయ కుటుంబారోగ్య సర్వేలో పొగాకు వాడువారు దేశమంతటి పురుషులలో నూటికి 38, స్త్రీలలో 9 మంది. షెడ్యూల్డు తెగలలోనన్ననో పురుషులలో రమారమి సగముమంది, స్త్రీలలో ఐదుగురికి ఒకతె చొప్పునకు దగ్గరగా గలరు. ఇది మన దేశపు వింత కాదు. అమెరికా సంయుక్త రాష్ట్రములలోను ఆదిమజాతులవారే యితరులకంటె నెక్కువగా పొగ త్రాగుదురు. అచ్చటి నీగ్రోసంతతివారికి పుదీనా చల్లదనముగల సిగరెట్లను కంపెనీలు ప్రత్యేకముగా పలువిధముల ప్రకటనలతో నలవాటు చేసినవి. కావున ఒక జాతి రక్తములో పొగాకు ఆశ యున్నదనుట తప్పు. ఆశను నాటినవారును, అది పెరుగుటకు తగిన బ్రతుకును వేఱుగా గలవు.

ఆ బ్రతుకెట్టిదో మన కృష్ణా డెల్టాలోనే చూడవచ్చును. మచిలీపట్టణమునొద్ద గిలకలదిండి రేవునకు తెల్లవారుజామున బోయినచో, తడిబట్టలతో, ఈదురుగాలిలో, పడవలకొఱకు గంటలకొలది కనిపెట్టుకొనియుండు పల్లెకార స్త్రీలు కాననగుదురు. వరిచేల గట్లవెంబడి యెలుకలు పట్టు యానాది కుండలో గడ్డి రాజవేసి, నోటితో నూది, కలుగులోనికి పొగ పంపును. ఆ పొగలో సగము వాని రొమ్ములోనికే పోవును. ఇట్టివారికి చుట్ట విలాసము గాదు. అది చలికి కాక. ఆకలిని కొంతసేపు మఱపించునది. పంటిపోటుకు మందని తల్లి చెప్పిన మాట. పంటిపోటు మాటయే ఘోరము, ఏలయన ఆ చుట్టయే పండ్లచిగుళ్లను చెఱచునది. చెంతనున్న క్షయరోగము సంగతి సరేసరి: పొగ త్రాగువారికి క్షయ తగులుటయు, తగిలినపిమ్మట ముదురుటయు నెక్కువ.

ఇందులో మఱియొక భేదము గలదు, దానిని చదువరులు శ్రద్ధగా వినవలెను. శ్రీకాకుళము, విశాఖపట్టణము జిల్లాల తీరగ్రామములలో స్త్రీలు చుట్టను నిప్పువైపు నోటిలోపల నుంచుకొని కాల్తురు. దానిని అడ్డపొగ యందురు. గాలికి ఆరదు, బూడిద ఒడిలోని బిడ్డమీద రాలదు, చుట్ట యొకటి చాలసేపు నిలుచును. ఈ సౌకర్యములవలననే యా యలవాటు తల్లినుండి కూతునకు వచ్చుచున్నది. అయితే నిప్పు నాలుకకును అంగిలికిని నడుమ నుండును. ఇతర దేశములలో అరుదుగా గనబడు అంగిటి క్యాన్సరు ఆ తీరమున వైద్యులకు చిరపరిచితమైనది. 1971లో ప్రకటింపబడిన యొక పరిశోధనలో శ్రీకాకుళము జిల్లా గ్రామములలో 10,169 మంది నోళ్లను దంతవైద్యులు పరీక్షించిరి. వారిలో నూటికి 40కి పైబడి అడ్డపొగవారే. ఆ జిల్లాలనుండి బెజవాడకు కట్టుబడి పనులకు వచ్చి, కాలువగట్లను గుడిసెలు వేసికొన్న కుటుంబములు పెక్కు గలవు. కావున ఇది మన యూరి సంగతి కాదని యనుకొనరాదు.

ఇక మానుటకు సహాయము మాట. పొగాకు బాగుగా పండించుటకు 1947లోనే రాజమహేంద్రవరమున పరిశోధనాలయము వెలసినది. అమ్ముటకు 1976లో గుంటూరున పొగాకు బోర్డు ఏర్పడినది. మాన్పించుటకు ప్రభుత్వము చికిత్సాకేంద్రములు తెఱచుట 2002లో. అవియు దేశమంతటికి మొదట 13 మాత్రమే. ఈ తేదీల వరుసను మేము వ్యాఖ్యానింపము.

తరువాత కొంత మేలు జరిగినది. 2003 నాటి చట్టముచేత పాఠశాలకు నూఱు గజములలోపల పొగాకు అమ్మరాదు, పదునెనిమిదేండ్లలోపు వారికి అమ్మరాదు. 2016 ఏప్రిలునుండి పెట్టె ముఖములో నూటికి 85 పాళ్లు రోగపు బొమ్మయు హెచ్చరికయు నుండవలెను. 2018 సెప్టెంబరునుండి ఆ పెట్టెమీదనే, మానదలచినవారు ఉచితముగా మాటలాడుటకు 1800-11-2356 అను టెలిఫోను సంఖ్యనుగూడ అచ్చువేయుచున్నారు. మంచి యేర్పాటే. కాని ముసలమ్మ చుట్టకు పెట్టె యేది? ఆమె సంతలో కాడలతో గూడిన యాకు కొనును, ఈనె తీసి, తడిపి, తానే చుట్టుకొనును. బొమ్మ లేదు, సంఖ్య లేదు. ఉన్నను ఆమెకు చదువు రాదు. ప్రభుత్వము పంపిన యుత్తరము పెట్టె చిరునామాకు బోయినది. పెట్టె లేనివారికి చేరలేదు. ఆసుపత్రికి బోయినను, ఆడుదిగదా యని డాక్టరు పొగాకు మాట యడుగడు. ఆమె సిగ్గుచే చెప్పదు. బీదవారి యలవాటును నీచత్వమునకు గుఱుతుగా నెంచు మన చూపే ఆ సిగ్గునకు కొంత కారణము. అసహ్యించుకొనుటవలన చుట్ట మానినవారిని మేము చూడలేదు. చాటున కాల్చుకొనువారిని మాత్రము చూచితిమి.

అట్టివారు మానలేరని కొందఱందురు. ఇది నిజము కాదు. దీనికి సాక్ష్యము శ్రీకాకుళమే. 1977 మొదలు కొన్ని సంవత్సరములు పరిశోధకులు ఆ జిల్లాలోను, కేరళలోని ఎర్నాకుళము, గుజరాతులోని భావనగరము జిల్లాలలోను 36,000కు పైగా పొగాకువాడుక గలవారిని ఏటేట వారి గ్రామములలోనే కలిసికొనిరి. దంతవైద్యుడు నోరు చూచి, కనబడినది చెప్పును. సంఘసేవకుడు కూర్చుండి, ఎందులకు మానవలెనో, ఎట్లు తగ్గించుకొనవలెనో వారి భాషలో మాటలాడును. ఊరిలో చలనచిత్రమును గోడపత్రికయు నుండును. ఐదేండ్ల ఫలితములు 1986లో వెలువడినవి. ఇట్టి బోధ లేని పూర్వపు సమూహముతో బోల్చి చూడగా మానినవారును తగ్గించినవారును స్పష్టముగా హెచ్చిరి. నోటిలో తెల్లమచ్చలు క్రొత్తగా బుట్టుట తగ్గెను. మందు లేదు, యంత్రము లేదు. నడిచివచ్చి, నోరు చూచి, మరుసటి యేడు మరల వచ్చినవారు గలరు, అంతియే. మేము దీనిని మిక్కిలి గొప్ప కార్యముగా నెన్నుచున్నాము.

స్వభాషవలని బలమును అమెరికావారుగూడ కనుగొనిరి. కాలిఫోర్నియాలో చీనా, కొరియా, వియత్నాము భాషలవారికి వారి భాషలోనే టెలిఫోనుద్వారా ఉపదేశించు పద్ధతిని పరీక్షింపగా, పుస్తకములు మాత్రము పొందినవారికంటె మానినవారు సుమారు రెట్టింపైరని 2012లో ప్రకటించిరి. మన ఉచిత టెలిఫోను 2016లో ఢిల్లీలో ఆరంభమైనది. 2018లో బెంగుళూరి నిమ్‌హాన్సు సంస్థ చేరినపిమ్మట తెలుగులోను మాటలాడువారు దొరకుచున్నారు. పిలిచినవారిని తిట్టరు. రోజునకెన్ని, ఎప్పుడెప్పుడు, ఇదివఱకు మానుటకు యత్నించితిరా యని యడుగుదురు. మానుటకొక దినమును వారిచేతనే నిర్ణయింపజేయుదురు. పిమ్మట వారే మరల పిలిచి యెట్లున్నదని విచారింతురు.

మానిన మొదటి మూడునాలుగు దినములు కష్టము మిక్కుటము. చిరాకు, తలనొప్పి, నిద్రలేమి కలుగును. ఇది రోగము గాదు, శరీరము నికొటినును వెదకుకొనుట. రెండు నాలుగు వారములలో చాలవఱకు తగ్గును. కోరిక యొక్కొక్క తరంగమువలె వచ్చి, కొద్ది నిమిషములలో విఱిగిపోవును. ఆ నిమిషములు గడచుటకు నీళ్లు, సోపు గింజలు, చేతికొక పని చాలును. కిళ్లీ, ఖైనీలకు మాఱుట మానుట కానేరదు. ఎక్కువ కాల్చువారికి నికొటిను కలిపిన నమలుడు బిళ్ల మందులషాపులలో దొరకును. గుండెజబ్బువారును గర్భిణులును డాక్టరు నడిగియే వాడవలెను. నోటిలో మానని పుండుగాని తెల్లమచ్చగాని యెఱ్ఱమచ్చగాని రెండు వారములు దాటి యున్నచో, మానినను మానకున్నను, ఆసుపత్రిలో చూపవలెను.

మన పాఠశాల విద్యార్థులలో రేవులనుండియు లంకలనుండియు వచ్చువారు కొందఱు గలరు. వారి యిండ్లలో చదువరి వారొక్కరే. అవ్వకు సంఖ్య చదువుట రాదు, మనుమనికి వచ్చును. సెలవులలో ఇంటికి బోయినపుడు, ఆమె యొప్పుకొన్న దినముననే, ఆ సంఖ్యను పిలిచి, తెలుగు కోరి, టెలిఫోను ఆమె చేతికిచ్చి, కొంచెము దూరముగా పోయి కూర్చుండవలెను. మనుమని యెదుట ఆమె నిజము చెప్పలేకపోవచ్చును.